కళ్ళజోడు తీయించుకొనే ముందు
(పుదుచ్చేరిలో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



యానాంలో నలభై ఏండ్లు కళ్ళజోళ్ళు అమ్ముకొని బ్రతికినవాళ్ళం మేము. కళ్ళజోడుతో పని లేకుండా చేసే లేజరు ఆపరేషను గురించి మమ్మల్నే మాట్లాడమని కార్యదర్శిగారు కోరడంలో కొంత పరిహాసం ఉన్నదేమో తెలియదు. అయినా ఒప్పుకొన్నాము. మీ పిల్లల్లో చాలామందికి మొదటి జోడు పెట్టినవి ఈ చేతులే. వేసవి సెలవులకు ఊరికి వచ్చినప్పుడు, "బాబాయిగారూ, కాకినాడ వెళ్ళి ఇది వదిలించుకోమంటారా?" అని అడిగేదీ మమ్మల్నే.

ముందుగా ఒక గందరగోళం తీర్చవలె. మన ఊళ్ళో కంటికి ఏమి చేసినా లేజరే. తాతగారికి శుక్లం తీసి లెన్సు పెడితే లేజరన్నారు. నిజానికి అది చాలామట్టుకు ధ్వని తరంగాలతో శుక్లాన్ని చితిపి పీల్చివేసే పని. మధుమేహం వల్ల కంటి వెనుక తెర దెబ్బతింటే వాడేది వేరొక లేజరు. అవి జబ్బుకు చేసే వైద్యాలు. మనం చెప్పుకొనేది జబ్బులేని కంటి మీద, జోడు వద్దనుకొని చేయించుకొనేది. ఆలస్యమైతే కొంప మునగదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం తొందర తగ్గుతుంది.

దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. మదరాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్ళిన రంగస్వామి శ్రీనివాసన్ గారు, బ్లమ్, విన్ అనే ఇద్దరితో కలిసి ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో పనిచేసేవారు. 1981 నవంబరులో, అక్కడివారి పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను తీసుకుపోయి ఎక్సైమర్ లేజరు కింద పెట్టి చూశారట. మాంసం మాడలేదు, అంచులు కమలకుండా చక్కగా తెగింది. పండుగనాటి మిగులు కూర ఇంత పని చేస్తుందని ఎవరనుకొన్నారు! 1995లో అమెరికా ప్రభుత్వం ఈ లేజరును చూపు సరిచేయడానికి అనుమతించింది.

అది చేసేదేమిటంటే, కంటి ముందుండే కార్నియా అనే పారదర్శకమైన పొరను చెక్కి దాని వంపు మార్చడం. ఆ పొర మందం సాధారణంగా మధ్యలో సుమారు 540 మైక్రానులు, అనగా అర మిల్లీమీటరు పైచిలుకు. లాసిక్ పద్ధతిలో మొదట 110 మైక్రానుల పలుచని మూత లేపుతారు. ఆ తరువాత ఒక్కొక్క నంబరుకు సుమారు 14 మైక్రానులు చెక్కుతారు. మైనస్ 6 ఉన్నవారికి 84 పోతుంది; అడుగున 346 మిగులుతుంది. అదే కార్నియా 480 ఉండి నంబరు మైనస్ 9 అయితే మిగిలేది 244. కనీసం 250 ఉండవలెనని పాత లెక్క. 300 ఉండనిదే ముట్టుకోమనే వైద్యులూ ఉన్నారు. చెక్కినది మళ్ళీ అతకదు. మందం సరిపోయినా ఆకారం బాగుండకపోతే అదీ పనికిరాదు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పుకోవలె. మా తమ్ముడి కూతురికి పెండ్లి సంబంధం వచ్చింది. పిల్లవాడి తరఫువారు ఏమీ అనలేదు గాని, జోడు లేకుంటే బాగుండునని మా ఇంటి ఆడవాళ్ళే అన్నారు. ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. కార్నియాకు పటం తీసి డాక్టరుగారు, "ఈ అమ్మాయికి చేయకూడదు" అన్నారు. కార్నియా పలుచబడి శంకువులాగ ముందుకు వస్తున్నదట, కెరటోకోనస్ అంటారు. దానిమీద లేజరు పెట్టి చెక్కితే ఉన్న చూపు కూడా చెడేదట. మరొక చోట చూపిస్తే అదే మాట. "పెదనాన్నా, ఇన్నాళ్ళూ మీకు తెలియలేదా?" అని ఆ పిల్ల అడిగింది. రెండేండ్లుగా ఆరేసి నెలలకు దాని సిలిండరు నంబరు పెరుగుతూనే ఉన్నది. అది కళ్ళు నులుముకొనడం చూస్తూనే ఉన్నాము. అద్దాలు మార్చి ఊరుకొన్నాము గాని డాక్టరుకు చూపమనలేదు. ఆ తప్పు మాదే. తరువాత దానికి విటమిను చుక్కలు వేసి, అతినీల కాంతితో కార్నియా గట్టిపరిచే వైద్యం చేశారు, నంబరు నిలిచింది. జోడుతోనే పెండ్లి పీటల మీద కూర్చున్నది.

అందుచేత పటం తీయకుండా తారీఖు ఇచ్చేచోటికి, ఉగాది రాయితీ అని పిలిచేచోటికి పోవద్దు. పద్దెనిమిదేండ్లు నిండి, కనీసం ఏడాదిగా నంబరు కదలకుండా ఉండవలె. మెత్తని కాంటాక్టు లెన్సులు పరీక్షకు ఒకటి రెండు వారాల ముందు, గట్టివి అంతకన్నా చాలా ముందే మానవలె. లేకుంటే కొలత తప్పు వస్తుంది. పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయికి, ఎలాగూ ఇక్కడే ఉన్నది కదా అని చేయించబోతారు. వద్దు, బిడ్డ పాలు మానేవరకూ నంబరు నిలకడగా ఉండదు. మొటిమలకు మింగే మాత్రలు, కీళ్ళవాతం, కళ్ళు పొడారడం, ఇవేవీ డాక్టరు దగ్గర దాచవద్దు. ఆ రోజు కాటుక, అత్తరు వద్దు.

ఆపరేషను నిమిషాల పని. చుక్కల మందు వేస్తారు, నొప్పి ఉండదు. తరువాతే ఓపిక కావలె. కొన్నాళ్ళు తలంటులూ గోదావరి స్నానాలూ లేవు. కన్ను నులుమరాదు. కొన్ని నెలలు కళ్ళు పొడిగా ఉండవచ్చు. రాత్రివేళ ఎదురు వచ్చే లారీ దీపాల చుట్టూ వలయాలు కనబడవచ్చు. చూపించుకోవడానికి పలుమార్లు వెళ్ళవలె గనుక, ఎనిమిదివందల కిలోమీటర్ల పైన ఉన్న మన ఊరికి వచ్చి చేయించుకొని మర్నాడే రైలెక్కడం తెలివి కాదు. మీకు ఈ ఊళ్ళోనే అరవింద కంటి ఆసుపత్రి 2003 నుంచి ఉన్నది. ఎక్కడైనా సరే, మీరుండే చోట చేయించుకోండి.

నలభై దాటితే చత్వారం అందరికీ వచ్చినట్లే వస్తుంది. మా దుకాణానికి ఆ ధైర్యం ఉన్నది. జోడు పోయినా పొడుగైన కన్ను పొట్టిది కాదు గనుక, పెద్ద నంబరువారు వెనుక తెరను ఏటా చూపించుకొంటూనే ఉండవలె.

చివరిగా ఒక కాగితం సంగతి. ఆపరేషనుకు ముందు కొలతలు, తరువాత కొలతలు ఉన్న చీటీ అడిగి తీసుకోండి. అరవై ఏండ్లకు శుక్లం వచ్చినప్పుడు, ఏ లెన్సు వేయవలెనో లెక్క కట్టడానికి డాక్టరు దానిని అడుగుతాడు. కంటి ఒత్తిడి కూడా లేజరైన కంట్లో ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. ఇంటి దస్తావేజులున్న పెట్టెలోనే దానినీ పెట్టండి.