మన ఎమ్మెల్యే హాజరు పట్టీ ఎవరి దగ్గరుంది?

(అంబేద్కర్ జయంతి సందర్భంగా మండల కేంద్రంలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



ఏప్రిల్ 14 వచ్చిందంటే అన్ని పార్టీల జెండాలకూ మన పల్లె దారి గుర్తొస్తుంది. పొద్దున ఒకాయన వచ్చి దండేస్తాడు. పది గంటలకు ఇంకొకాయన వచ్చి ఆ దండ పక్కకు జరిపి తనది వేస్తాడు. అంబేద్కర్ మావాడంటే మావాడని తగువు. హైదరాబాదులో 2023 ఏప్రిల్‌లో ఒక ప్రభుత్వం 125 అడుగుల విగ్రహం పెట్టింది. విజయవాడలో 2024 జనవరిలో ఇంకో ప్రభుత్వం 125 అడుగులదే పెట్టింది. విగ్రహాలు పెట్టడాన్ని నేను కాదనను. ఆయన వేలు ఎటు చూపిస్తున్నదో అటు ఎవరైనా నడుస్తున్నారా అన్నదే నా ప్రశ్న.

నేను బడిపంతుల్ని. ఏ పార్టీలోనూ చేరకూడదని మాకు రూలుంది. కాబట్టి ఫలానా గుర్తుకు ఓటెయ్యమని చెప్పను. మా ఇంట్లో డిగ్రీ చదివింది మొదట నేనే. ఆ చదువు నాకు నేర్పింది ఒకటే, కాగితం చదవడం. చట్టం కూడా కాగితమే. దాన్ని మనం చదవకపోతే వాళ్లు చదివి చెప్తారు, వాళ్లకు కావలసినట్టు చెప్తారు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175కి 29 సీట్లు, తెలంగాణలో 119కి 19 సీట్లు ఎస్సీలకు రిజర్వు. రెండు చోట్లా కలిపి 48 నోళ్లు. మన మీద దాడి జరిగినప్పుడు ఈ 48 నోళ్లు ఎందుకు పెగలవు? వాళ్లంతా చెడ్డవాళ్లని తిట్టిపోస్తే మన కడుపుమంట చల్లారుతుందేమో గానీ పని జరగదు. వాళ్ల మెడకు కట్టిన తాడు ఎవరి చేతిలో ఉందో చూడాలి.

మొదటి ముడి 1932లో పడింది. ఆ ఏడాది ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన అవార్డు ప్రకారం మనకు రెండు ఓట్లు. మన ప్రతినిధిని మనమే ఎన్నుకునే ఓటు ఒకటి, అందరితో కలిసి వేసే ఓటు ఇంకొకటి. గాంధీగారు ఎరవాడ జైల్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక కుదిరింది. సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, ఓటు మాత్రం ఊరందరి చేతిలోకి పోయింది. బాబాసాహెబ్ ఒక రక్షణ పెట్టించారు. ముందు మనవాళ్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంచాలి, ఆ నలుగురిలోంచే ఒకర్ని అందరూ ఎన్నుకోవాలి. దానికి పదేళ్ల గడువు పెట్టారు. స్వతంత్ర భారతంలో అదీ లేకుండా పోయింది. ఇవాళ రిజర్వుడు సీటులో నిలబడేది మనవాడే. ఆయన్ని ఎంచేది మాత్రం బీ ఫారం మీద సంతకం పెట్టే పార్టీ అధ్యక్షుడు. 1952 ఎన్నికల్లో బాబాసాహెబ్ అంతటివాడే బొంబాయిలో కాంగ్రెసు అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. గెలిచినాయనా మనవాడే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

రెండో ముడి 1985లో పడింది. ఆయారాం గయారాంలను ఆపుతామని ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చారు. మంచిదే. కానీ దాని లోపల ఏముందో చూడండి. పార్టీ విప్ ఇచ్చాక మన ఎమ్మెల్యే మన పక్షాన నిలబడి ఎదురు ఓటేస్తే పదవి ఊడుతుంది. అదే మూడింట రెండు వంతుల మంది గుంపుగా కండువా మారిస్తే, దానికి విలీనం అని పేరు. పదవికి ఢోకా లేదు. 2018లో తెలంగాణలో కాంగ్రెసు తరఫున 19 మంది గెలిస్తే, వాళ్లలో 12 మంది 2019 జూన్‌లో అధికార పార్టీలో కలిసిపోయారు. ఆంధ్రలో 2014లో గెలిచిన ప్రతిపక్ష ఎమ్మెల్యేలు 23 మంది అధికార పార్టీలో చేరారు. అక్కడ మూడింట రెండు వంతుల లెక్క కూడా కుదరలేదు. అయినా 2017 ఏప్రిల్‌లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. అంటే ఏమిటి? జనం కోసం ఒక్కడు గీత దాటితే నేరం, పదవి కోసం పదిమంది దాటితే రాజకీయం. ఓటేసిన మనల్ని ఎవడైనా ఒక్కమాట అడిగాడా?

చట్టం ఇట్లా ఉన్నప్పుడు మనం చేయగలిగిందేముంది మాస్టారూ అంటారు. ఉంది. బడిలో నేను రోజూ చేసే పనే, హాజరు పిలవడం.

1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 1995లో నియమాలు వచ్చాయి. అందులో 17వ నియమం చదవండి. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి. మూడు నెలలకొకసారైనా కూర్చోవాలి. దాడులకు గురైన వాళ్లకు సాయం అందిందా, కేసులు ఎంతవరకొచ్చాయి అని చూడాలి. ఆ కమిటీలో ఎమ్మెల్యేలు, ఎంపీలు సభ్యులు. రిజర్వుడు సీటు వాళ్లే కాదు, జనరల్ సీటు వాళ్లు కూడా. 16వ నియమం ప్రకారం రాష్ట్ర కమిటీకి ముఖ్యమంత్రే అధ్యక్షుడు. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి కూర్చోవాలి. మన జిల్లాలో ఐదేళ్లలో ఇరవై సమావేశాలు జరగాలి. ఎన్ని జరిగాయి? మన ఎమ్మెల్యే ఎన్నింటికి వచ్చాడు? వచ్చి నోరు విప్పాడా, టీ తాగి లేచిపోయాడా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ హాజరు పట్టీ, మినిట్స్ నకలు అడగొచ్చు. జిల్లా ఆఫీసులో రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక టీ ఖరీదుకు ఎమ్మెల్యే ప్రోగ్రెస్ కార్డు చేతికొస్తుంది.

అడిగితే ఏమొస్తుంది అనేవాళ్లకు చుండూరు చూపిస్తాను. 1991 ఆగస్టు 6న అక్కడ మనవాళ్లు ఎనిమిది మందిని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ తర్వాత రాష్ట్రంలో పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు. బాధితులు మాత్రం ఒకే మాట మీద నిలబడ్డారు, మా ఊళ్లోనే కోర్టు పెట్టండి అని. ప్రత్యేక కోర్టు చుండూరుకే నడిచొచ్చింది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది, అది మన గుండెల్లో ఇంకా మండుతూనే ఉంది. కానీ కోర్టును ఊళ్లోకి తెచ్చింది ఏ పార్టీ జెండానో కాదు. అడగడం ఆపని మనుషులు.

ఇంకో అనుమానం కూడా మీ మొహాల్లో కనబడుతోంది. మనవాణ్ని మనమే నిలదీస్తే ఎదుటి పార్టీకి లాభం కాదా అని. ఎదుటి పార్టీ వాణ్ని కూడా అదే కాగితంతో నిలదీయండి, సరిపోతుంది. నిజానికి మనం అడగకపోతేనే మనవాడికి పార్టీలో విలువుండదు. వెనకాల పల్లె లెక్క అడుగుతోందని తెలిస్తే, అధ్యక్షుడి ముందు నోరు విప్పడానికి ఆయనకూ ఒక సాకు దొరుకుతుంది. ఆ సాకు మనం ఇవ్వాలి.

అందుకని ఈ సభ ముందు రెండు పనులు పెడుతున్నాను. ఒకటి, ప్రతి పల్లె నుంచి చదువుకున్న ఇద్దరు పిల్లలు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు, ఈ నెలాఖరులోగా ఆ దరఖాస్తు పెట్టాలి. రెండు, వచ్చిన జవాబును చావిడి గోడ మీద పెద్దక్షరాలతో రాయాలి. ఏ పార్టీ వాడు దండ పట్టుకొచ్చినా ముందు ఆ గోడ చదివించండి.

మన ఓటు ఒక్కరోజుది. మన ప్రశ్న ఐదేళ్లదీ. హాజరు పిలుద్దాం, పలకనివాడికి గైర్హాజరు వేద్దాం.

జై భీమ్!