జటాయు వేషం: బిభు భట్టాచార్య, కోల్‌కతా బుల్లితెర

బిభు భట్టాచార్య అన్న పేరు వింటే మన తెలుగువాళ్ళలో చాలామంది ఎవరాయన అంటారు. జటాయు అంటే మాత్రం కోల్‌కతాలో పెరిగిన తెలుగు పిల్లలు కూడా గుర్తుపట్టి నవ్వుతారు. సత్యజిత్ రే ఫెలూదా కథల్లో లాల్‌మోహన్ గంగూలీ అనే బట్టతల రచయిత ఉన్నాడు. జటాయు ఆయన కలంపేరు. సాహస నవలలు గుట్టలుగా రాసి అమ్ముకుంటాడు, వాటిలో దొర్లిన తప్పుల్ని డిటెక్టివ్ ఫెలూదా చేత దిద్దించుకుంటాడు, ఆకుపచ్చ అంబాసిడర్‌లో తిరుగుతాడు. ఆ వేషం బిభుగారిని నిలబెట్టింది. సినిమాలో చోటు దొరకని నటుడు టీవీలో తలదాచుకుంటాడని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఈయన వృత్తి జీవితాన్ని వరసగా చూస్తే ఆ మాట నిలవదు. బెంగాలీ సినిమా చేతులెత్తేసిన ఒక పాత్రను బుల్లితెర పెంచి పోషించి, మళ్ళీ సినిమాకు అప్పగించింది. అందుకు కావలసిన మనిషిని కూడా అదే తయారుచేసింది.

ఆయన 1944లో ఝరియా బొగ్గుగనుల ప్రాంతంలో పుట్టారు. పసితనంలోనే ముఖానికి రంగు పడింది. 1950లలో ‘ప్రహ్లాద్’, ‘రాణీ రాస్మణి’ వంటి చిత్రాల్లో బాలనటుడిగా కనిపించారు. బాలనటుల కథ ఎక్కడైనా ఒకటే: మీసం మొలిచేసరికి వేషాలు ఆగిపోతాయి. మన పరిశ్రమలోనూ ఆ గండం దాటినవాళ్ళు కొద్దిమందే. బిభుగారు రంగస్థలాన్ని పట్టుకున్నారు, తర్వాత టీవీని. కోల్‌కతా దూరదర్శన్ 1975 ఆగస్టు 9న మొదలైంది. 1980లలో ధారావాహికలు వచ్చాయి, 1990లలో అవి రోజువారీ వ్యవహారమయ్యాయి. ఇంటి గదుల్లో నడిచే ఆ కథలకు మామయ్యలు, గుమాస్తాలు, పక్కింటి పెద్దమనుషులు డజన్లకొద్దీ కావాలి. సినిమాలో అలాంటివాడు రెండు సన్నివేశాల్లో కనిపించి వెళ్ళిపోతాడు. సీరియల్‌లో అదే మనిషి వారం వారం చూసేవాళ్ళ ఇంటికి వస్తాడు, రాకపోతే ఏమైపోయాడని అడుగుతారు. క్యారెక్టర్ ఆర్టిస్టు అన్న మాటకు నిండు అర్థం వచ్చింది అక్కడే అంటాను.

ఇక జటాయు చరిత్ర. 1974లో ‘సోనార్ కెల్లా’, 1979లో ‘జయ్ బాబా ఫెలూనాథ్’ చిత్రాల్లో ఆ వేషం వేసిన సంతోష్ దత్తా వృత్తిరీత్యా న్యాయవాది. ఆయన పాత్రలో ఎంతగా ఇమిడిపోయారంటే, ఆ తర్వాతి కథలకు రే వేసిన బొమ్మల్లో జటాయు ముఖం దత్తా ముఖంలా మారిపోయింది. సృష్టికర్తే నటుణ్ణి చూసి పాత్రను తిరిగి గీసుకున్నాడన్నమాట! 1988లో దత్తా కన్నుమూశాక రే మరో ఫెలూదా సినిమా తీయలేదు. 1996లో ఆయన కొడుకు సందీప్ రే ఆ కథలను బెంగాలీ బుల్లితెరకు తెచ్చారు. ఫెలూదాగా సబ్యసాచి చక్రవర్తి వచ్చారు, ఆయనా సీరియళ్ళలో పేరు తెచ్చుకున్నవారే. జటాయుగా ‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’లో బాఘా వేసిన రబి ఘోష్ వచ్చారు. 1997లో ఆయన పోయారు. ఆ వేషం అందుకున్న అనుప్ కుమార్ 1998లో పోయారు. అప్పుడు వంతు బిభుగారికి వచ్చింది. 2003లో ‘బొంబాయియేర్ బొంబెటే’తో ఫెలూదా 24 ఏళ్ళ తర్వాత వెండితెర ఎక్కినప్పుడు నాయకుడూ జటాయూ ఇద్దరూ టీవీ నుంచి నేరుగా నడిచొచ్చినవాళ్ళే. ఆ సినిమా నిర్మాత మన రామోజీరావుగారు. ఈ సభలో ఆ మాట చెప్పకుండా ఉండలేను.

ముందున్నవాళ్ళు పోబట్టే ఈయనకు అవకాశం వచ్చింది, ఇందులో గొప్పేముంది అని ఎవరైనా అడగవచ్చు. అవకాశం అలా వచ్చిన మాట నిజమే. కానీ అలా వచ్చిన వేషం నిలుపుకోవడమే కష్టం. ముగ్గురు పెద్ద నటుల నీడ మీద పడుతుంటే, వాళ్ళలో ఒకరి ముఖం ఏకంగా పుస్తకాల్లో అచ్చై ఉంటే, అనుకరించడం సులువు, అనుకరిస్తే దొరికిపోవడం ఇంకా సులువు. బిభుగారు అనుకరించలేదు. దత్తా జటాయులో భయం ముందు, అమాయకత్వం తర్వాత. ఈయనలో సంబరం ముందు, ఆపైన భయం. ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళకు అలవాటైన పొరుగింటి మనిషి తీరు అది. దత్తాతో సమానం కాదని బెంగాలీ ప్రేక్షకులు చాలామంది అంటారు. నా లెక్కలోనూ దత్తాదే పైచేయి. అయినా 2003 నుంచి 2011 దాకా ఐదు సినిమాల్లో మరొక జటాయు గురించి దర్శకుడు ఆలోచించలేదు.

ఆ గొప్పతనం రచయితది, హాస్యపాత్రను ఎవరు వేసినా నవ్వు పుడుతుంది అన్నది రెండో ఆక్షేపణ. దీనికి 2011 తర్వాత జరిగిందే జవాబు. ఆ సెప్టెంబరు 22న బిభుగారు గుండెపోటుతో పోయారు. ఆయన జటాయుగా చేసిన ‘రాయల్ బెంగాల్ రహస్య’ డిసెంబరులో, ఆయన పోయాక విడుదలైంది. 2014లో సందీప్ రే ‘బాదశాహీ ఆంగ్టి’ తీస్తూ ఫెలూదాగా కొత్తగా అబీర్ ఛటర్జీని తీసుకున్నారు. కథ మాత్రం జటాయు లేనిది ఎంచుకున్నారు. 2016లో ‘డబుల్ ఫెలూదా’కు సబ్యసాచి తిరిగి వచ్చారు, అప్పుడూ జటాయు లేని కథలే. నాయకుణ్ణి మార్చడానికి వెనుకాడని దర్శకుడు పక్కపాత్ర దగ్గర ఆగిపోయాడు. మన ‘అమృతం’ సీరియల్‌లో అమృతరావు వేషం శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ చేతులు మారినా ఆంజనేయులుగా గుండు హనుమంతరావే ఉన్నారు. ఆ లెక్క తెలుగు ఇళ్ళకూ తెలిసిందే. 2020లో మరో దర్శకుడు వెబ్ సిరీస్ కోసం అనిర్బాన్ చక్రవర్తిని జటాయుగా పెట్టారు. సందీప్ రే సినిమాలోకి జటాయు తిరిగి రావడానికి 2022 దాకా పట్టింది. ‘హత్యాపురి’లో ఆ వేషం వేసిన అభిజిత్ గుహ స్వయంగా దర్శకుడు.