వల ముందు ఎవరికి తెగింది?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను సంఘాల్లో ఐక్యత గురించి మాట్లాడమన్నారు. ఈ విషయం మీద పాతికేళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నాను. నా మాటలు మీలో కొందరికి కంఠతా వచ్చే ఉంటాయి. అందుకని ఇవాళ ఉపన్యాసం పక్కనపెట్టి ఒక బొమ్మల సినిమా గురించి చెప్తాను. అది ఏడు నిమిషాల సినిమా. నేను చిన్నప్పుడు చూసి, నా పిల్లలకు చూపించాను. చూపించాక నాకు నిద్రపట్టలేదు.

సినిమా పేరు 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా'. 1974లో ఫిల్మ్స్ డివిజన్ తీసింది. అంటే నా ఈడుదే. నలభై దాటినవాళ్ళు తలలూపుతున్నారు, దూరదర్శన్‌లో చూసే ఉంటారు. 'అనేకం' అంటే ఏమిటని ఒక పిల్లవాడు అక్కను అడుగుతాడు. సూర్యుడు ఒక్కడు, చంద్రుడు ఒక్కడు, చుక్కలు అనేకం అని అక్క చెప్తుంది. సీతాకోకచిలుకలు, ఉడతలు, పిట్టలు వస్తాయి. గింజలకు దిగిన పిట్టలు వేటగాడి వలలో పడతాయి. ఒక తెలివైన పిట్ట అందరినీ ఒక్కసారి ఎగరమంటుంది. వలతో సహా ఎగిరిపోతాయి. దూరాన ఉన్న ఎలుక స్నేహితులు వల కొరికేస్తాయి. మేమూ కలిస్తే ఈ చెట్టు మామిడికాయలు కోయగలమా అని పిల్లలు అడుగుతారు. కోయొచ్చు, ఉపాయం చెయ్యాలి అంటుంది అక్క. చివర పాట.

మాది కర్నూలు. టీవీ మా ఇంట్లో లేదు, పక్కింట్లో ఉండేది. ఆ ఇంటి ఖాలా గడప లోపల కూర్చుని మాకు హిందీకి అర్థం చెప్పేది. తమ్ముడు ముందు వరుసలో, నేను గుమ్మం దగ్గర, ఎందుకంటే అమ్మ పిలిస్తే వెంటనే లేచి వెళ్ళాల్సింది నేనే. ఆ సినిమాలో నాకు నచ్చింది ఐక్యత కాదు, అక్క. అన్నీ తెలిసిన ఆడపిల్ల, తమ్ముడు అడిగితే చెప్తుంది, వాడు వింటాడు. మా ఇంట్లో అన్నీ తెలిసినవాడు తమ్ముడే.

తీసినది ఒక స్త్రీ అని చాలా ఏళ్ళకు తెలిసింది. విజయా మూలే. బొమ్మలకు ప్రాణం పోసినది భీమ్‌సేన్. దానికి ఉత్తమ విద్యా చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ఈ దేశంలో ఫిల్మ్ సొసైటీల ఉద్యమానికి మొదట్లో నిలబడినవాళ్ళలో విజయా మూలే ఒకరు. 2019లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో చనిపోయారు. ఆమెను తెలిసినవాళ్ళంతా పిలిచిన పేరు ఏమిటో తెలుసా? 'అక్క'! అది చదివినప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

అయితే అది ప్రభుత్వం తీసిన సినిమా అని మరిచిపోకూడదు. తర్వాతి ఏడాదే, 1975లో, ఎమర్జెన్సీ వచ్చింది. ఐక్యంగా ఉండండి అని పైనున్నవాళ్ళు అన్నప్పుడు దానికి నోరెత్తకండి అని కూడా అర్థం ఉంటుంది. ఇది మనకు తెలుసు. మనమే ఆ మాట అన్నప్పుడు కూడా అదే అర్థం రావచ్చని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు అదే చెప్తాను.

నేను పనిలోకి వచ్చింది 1996లో. కథతో ఆడవాళ్ళు కదులుతారని అప్పటికి మనందరికీ గట్టి నమ్మకం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ చదివి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించడం, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం రావడం మన కళ్ళముందే జరిగాయి. నాకు చేతనైన కథ ఈ పిట్టలదే. ప్రతి ఊళ్ళో అదే చెప్పేదాన్ని. చేతులు రెక్కల్లా ఆడించి మరీ చెప్పేదాన్ని.

ఒక చిన్న ఊళ్ళో ఊరివాళ్ళనూ మాలపల్లెవాళ్ళనూ కలిపి ఒకే సంఘం పెట్టించాను. అది నా గొప్ప. పదిహేను మంది. 1998లో వేరుశనగ పీకే రోజుల్లో కూలి పెంచాలని అందరూ పనికి పోకుండా నిలబడ్డారు. ఆరు రోజులు. అయిదు రూపాయలు పెరిగింది. ఆ ఆరు రోజులూ మాలపల్లె ఆడవాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి సరిగా వెలగలేదు. ఊరివాళ్ళకు కాస్తో కూస్తో సొంత చేను ఉంది, కొట్లో జొన్నలు ఉన్నాయి. ఆ తేడా నాకు కనబడలేదని చెప్పను. కనబడింది. ఐక్యత చెడుతుందని మాట్లాడలేదు.

మరుసటి ఏడు డ్వాక్రా డబ్బు వచ్చింది. అందరికీ ఒకేసారి చాలదు, మొదటి విడతలో అయిదుగురికి ఇవ్వొచ్చు. ఆ అయిదు పేర్లూ రాసింది నా చెయ్యే. అయిదూ ఊరివాళ్ళవే. తిరిగి కట్టగలరు, సంఘానికి మంచి పేరు వస్తుంది, రెండో విడత త్వరగా వస్తుంది అన్నది నా లెక్క. ఆ తర్వాతి సమావేశంలో మళ్ళీ పిట్టల కథ ఎత్తుకున్నాను. మాలపల్లె నుంచి వచ్చే ఒకావిడ మధ్యలో ఆపింది. "మేడమ్, ఎగిరేటప్పుడు అందరమూ ఎగిరితిమి. వల కొరికేటప్పుడు ఎలుక ముందు ఎవురిది కొరికె?" అంది.

నేను నవ్వాను. అదేం ప్రశ్న, చివరికి అన్నీ బయటపడ్డాయి కదా అన్నాను. కొందరు నాతో పాటు నవ్వారు. ఆమె ఇంకో రెండు సమావేశాలకు వచ్చి మానేసింది. ఆమెతో పాటు నలుగురు మానేశారు. 'క్రమశిక్షణ లోపించింది' అని నివేదికలో రాశాను. ఆ నివేదిక కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇక ఇంటికి వస్తాను. 2016 వేసవి సెలవుల్లో మా పాపకు పదకొండు, బాబుకు ఏడు. ఎండకు బయటకు పంపలేక ఫోనులో ఈ సినిమా వెతికి పెట్టాను. సంబరం నాదే, వాళ్ళది కాదు. బొమ్మలు ఇలా కదులుతున్నాయేంటమ్మా, నెట్ బాలేదా అన్నాడు వాడు. అయినా పిట్టలు వలతో లేచేసరికి ఇద్దరూ కదలకుండా చూశారు. పాట రెండుసార్లు పెట్టించుకున్నారు.

సాయంత్రం నేను వంటింట్లోకి వచ్చేసరికి వాళ్ళు 'ఉపాయం' చేస్తున్నారు. అటక మీద జంతికల డబ్బా ఉంది. పాప గోడకు చేతులు ఆనించి వంగింది. వాడు దాని వీపు మీదికెక్కి డబ్బా అందుకున్నాడు. నాకు ఎంత ముద్దొచ్చిందో! కోప్పడటం మాని ఫోటో తీశాను. 'ఐక్యతే బలం' అని రాసి మన కార్యకర్తల గ్రూపులో పెట్టాను. మీలో కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

రాత్రి పాప నడుం నొప్పి అంది. నూనె రాస్తూ, ఎందుకు ఎక్కనిచ్చావే అన్నాను. "వాడు పైనుండే నాలుగు తిన్నాడు, నాకు ఒకటిచ్చాడు. నువ్వేమో ఫోటో తీస్తున్నావు" అంది. ఆ ఫోటో మళ్ళీ తీసి చూశాను. డబ్బా పట్టుకుని నవ్వుతున్న కొడుకు నిండుగా ఉన్నాడు. కూతురి మొహం లేదు. జడ, వీపు మాత్రం ఉన్నాయి.

అప్పుడు, పదిహేడేళ్ళ తర్వాత, నాకు ఆమె ప్రశ్న వినబడింది. ఇంతకాలం నేను చెప్పిన కథలో ఎగరడం వరకే ఉంది. కొరకడం ఒక్క వాక్యం.

పాత కథ వెతికాను. బళ్ళో చదివినదే, చిన్నయసూరి 'మిత్రలాభం'లో ఉండే చిత్రగ్రీవుడనే పావురాల రాజు, హిరణ్యకుడనే ఎలుక. ఆమె అడిగిన ప్రశ్నే హితోపదేశంలో ఉంది! ఎలుక వచ్చి రాజు కట్లు కొరకబోతుంది. వద్దు, ముందు నా వాళ్ళవి కొరుకు అంటాడు రాజు. నా పళ్ళు మెత్తనివి, శక్తి తక్కువ, పళ్ళు విరగకముందే నీవి కొరుకుతాను, తర్వాత చేతనైనంత వరకు మిగతావాళ్ళవి అంటుంది ఎలుక. రాజు ఒప్పుకోడు. ముందు వాళ్ళవే అంటాడు. ఎలుక అన్న మాట నాకు బాగా తెలిసిన మాట. డబ్బు తక్కువ, ముందు వీళ్ళకిద్దాం, తర్వాత చూద్దాం. అయిదు పేర్లు రాస్తూ నేను అన్నది అదే. కాకపోతే మా సంఘంలో ముందు వాళ్ళవి కొరకమన్న రాజు లేడు. ఉన్నా, రాజు దయ మీద ఆధారపడే సంఘం మనకు ఎందుకు, అది వేరే సంగతి.

ఆ ఏడే ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతూ వస్తూ ఉందట, ఆ వారం ఊళ్ళోనే దొరికింది. అరుగు మీద కూర్చోబెట్టింది. క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుని వెళ్ళాను కానీ నోరు పెగల్లేదు. ఫోను తీసి సినిమా పెట్టాను. ఆమె ఎప్పుడూ చూసింది కాదు, నేను రెక్కలాడిస్తూ చెప్పినదే తెలుసు. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని చూసింది. వల కొరికే చోటికి వచ్చాక ఆపమంది. వెనక్కి తిప్పమంది. మళ్ళీ తిప్పమంది.

"ఇన్ని ఎలుకలుండాయే!" అంది. "నువ్వు సెప్పేటప్పుడు ఒగటే ఉండె. ఇన్ని ఉంటే అన్ని పక్కలా ఒగసారే కొరుకుతాయి, ముందూ ఎనకా అని ఉండదు. మాకు నువ్వొక్కదానివే ఎలుకవి. పుస్తకం నీ సేతిలోనే, పెన్నూ నీ సేతిలోనే."

అని ఫోను మనవరాలి చేతికిచ్చి, నాకు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది.