ఎదుటి పక్షము

గ్రామపెద్దలారా!

1997వ సంవత్సరమున నేను తెనాలిలో బి.ఏ. చదువుచుంటిని. మాది రేపల్లెకు దిగువ నున్న యొక పల్లె. ఆ యేట బాపట్లలో విద్యార్థుల వాదసభ యొకటి రెండు దినములు జరిగెను. శాసనసభయందు వలెనే సభాపతి, మంత్రులు, ప్రతిపక్షము. తీర్మానము పెట్టుట, సవరణ కోరుట, కడపట వోట్లు లెక్కించుట. నన్నును రమ్మనిరి.

చర్చింపవలసిన విషయము రొయ్యల చెరువులు. తీర నియంత్రణ మండలములో, పాతకాలపు పద్ధతులను మినహాయించి, రొయ్యల చెరువులు కూడవని అత్యున్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 11వ తేదీన తీర్పు చెప్పియుండెను. మా పొలము ప్రక్కన చెరువులు త్రవ్విన పిమ్మట మా మాగాణిలో ఉప్పు తేలి రెండు పంటలు పోయినవి. కావున ఆ చెరువులను ఖండింపవలెనని నా ఉబలాటము. చీట్లు తీయగా నాకు చెరువుల పక్షమే వచ్చెను.

ఇంట చెప్పితిని. "మన నేల చవుడు చేసినవాళ్ల తరఫున మాట్లాడతావుట్రా?" అని మా నాయనగారు విస్తరిముందునుండి లేచిపోయిరి.

వాదమునకు సంగతులు కావలెను గదా! సంకోచించుచునే ఆ చెరువు యజమాని యింటికి పోతిని. కాలువ చివరి భూమి యగుటచే తన చేనికి సకాలమున నీరందలేదనియు, అప్పుచేసి చెరువు త్రవ్వితిననియు, తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యలన్నియు చచ్చినవనియు ఆయన చెప్పెను. అంతవరకు ఆయనను దోషిగనే యెరుగుదును, ఋణగ్రస్తుడని యెరుగను.

రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్ల చేరితిని. నా పక్షము వోట్లలో ఓడెను. కాని చెరువునకును చేనికిని నడుమ ఉప్పునీరు పోవుటకు వేరుగా మురుగుకాలువ త్రవ్వవలెనని నేను కోరిన సవరణకు ఉభయపక్షముల వారును చేతులెత్తిరి.

ఆ సభ బాపట్లలో జరుగుట నాకు తగియున్నదనిపించెను. 1913 మే నెలలో మొదటి ఆంధ్ర మహాసభ, బయ్యా నరసింహేశ్వరశర్మగారి అధ్యక్షతన, ఆ యూరనే జరిగినది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రమును గూర్చి కొన్ని జిల్లాల ప్రతినిధులకు సందేహములుండెను. కోరువారే యెక్కువయైనను, పెద్దలు పట్టుపట్టి నెగ్గించుకొనక, అందరి యభిప్రాయమును తెలిసికొనుటకై స్థాయీసంఘమునకు వదలిరి. మరుసటి యేట బెజవాడ సభ దాని నంగీకరించెను. ఒక సంవత్సరము ఆగుటవలన వారికి నష్టము కలుగలేదు.

ఇల్లు చేరి, విన్నదంతయు నాయనగారికి చెప్పితిని. ఆయన బదులు పలుకలేదు. వారము తరువాత తామే చెరువుగట్టునకు నడచిరి. ఆ వేసవిలో ఇద్దరును చెరిసగము కూలి పెట్టుకొని కాలువ త్రవ్వించిరి. నేల పూర్తిగా బాగుపడలేదు. పలుకరింపులు మాత్రము మరల మొదలైనవి.

అయ్యలారా! 1989 నుండి పదునెనిమిదేండ్ల వారికి వోటు వచ్చినది. రచ్చబండ మీద వారికి మాటయు రావలెను. మీ యూర తగవు వచ్చినపుడు ఇరువురు పిల్లలను పిలిచి, ఎవని యింటి పక్షమును వాడు కాక, ఎదుటి పక్షమును చెప్పుడని యడుగుడు. తీర్పు మీదే. కాని ఆ పిల్లలు ముందుగా పొరుగువాని గడప తొక్కివత్తురు.

సెలవు.