కారు మెరుగు రంగు, కంకర దెబ్బ



మా కొత్తచెరువున పెనుకొండ, ధర్మవరము, పుట్టపర్తి త్రోవలు కలియును. ఆ త్రోవలలో కంకర మోసికొని పోవు టిప్పరులకు కొదవ లేదు. టిప్పరు వెనుక పోవు కారు బోనెట్టుపై నొక చిన్న రాయి యెగిరి పడును. రంగు పెచ్చు లేచును. మచ్చ ఆవగింజంత. అయినను క్రొత్త కారు కొన్నవానికి అది కంటిలో నలుసు వంటిది. ముప్పది యేండ్లుగా బండ్లకు రంగు వేయు పనిలో నున్న నాయొద్దకు వచ్చి, "ఎంతయైన నిచ్చెదను, ఇది కనబడకుండ చేయుము" అని యడుగువారు కొందరు. "ఇంత చిన్నదానికి ఏమి చేయవలెను?" అని యేండ్లు గడపి, తలుపు క్రింద తుప్పు పొక్కిన పిదప వచ్చువారు మరికొందరు. మొదటివారు డబ్బు పోగొట్టుకొందురు, రెండవవారు రేకు పోగొట్టుకొందురు. నేడు ఇండ్లలో కారు కొనుట, అమ్ముట, బాగుచేయించుట అను మాటలు వచ్చినపుడు పెద్దలైన మీ సలహాయే అడుగుదురు గనుక, ఈ సంగతి మీకు చెప్పుట ఉచితమని తోచినది.

ముందు కారుపై నున్న రంగు ఎట్టిదో తెలిసికొనవలెను. పెనుకొండ మండలమున ఎఱ్ఱమంచి వద్ద కొరియా దేశపు కియా సంస్థవారు కర్మాగారము నెలకొల్పిరి. అచ్చటి మొదటి కారగు సెల్టాస్ 2019 ఆగస్టులో అమ్మకమునకు వచ్చినది. ఆ కారే యననేల, నేటి యే పెద్ద కర్మాగారమునందైనను రంగు పడు పద్ధతి ఇంచుమించు ఒక్కటే. రేకులు కూర్చిన దేహమును కడిగి, ఫాస్ఫేటు ద్రావణముతో శుద్ధిచేయుదురు. పిమ్మట పెద్ద తొట్టిలో ముంచి, విద్యుత్తు ప్రసరింపజేసి, మూలమూలలకు ప్రైమరు పట్టునట్లు చేయుదురు. తుప్పును ముఖ్యముగా ఆపునది ఈ పూతయే. దానిపై నునుపు కొరకు మరియొక పూత, దానిపై రంగు, అన్నిటిపైన గాజువంటి రంగులేని పూత. ఈ కడపటి దానిని మేము క్లియర్ కోటు అందుము. ఎండను, నీటిని, చేతి రాపిడిని ఓర్చుకొనునది అదియే. ఇన్ని పూతలును కలిసి మిల్లీమీటరులో పదియవ వంతో, దానికంటె ఒకింత యెక్కువయో యుండును. అనగా ఒకటి రెండు వెండ్రుకల మందము.

ఈ పూతలను కర్మాగారమున 140 డిగ్రీల ప్రాంతపు వేడిలోను, అడుగు పూతను అంతకంటె నెక్కువ వేడిలోను కాల్తురు. అప్పటికి దేహములో సీట్లు లేవు, తీగలు లేవు, రబ్బరు లేదు. కావున రేకు ఆ వేడికి తాళును. తయారైన కారును అట్లు కాల్చజాలము. మంచి వర్కుషాపులో సైతము 60 డిగ్రీల ప్రాంతమే మా హద్దు. కావున కర్మాగారపు రంగు నొకమారు గీకివేసితిమా, దానిని దానివలెనే మరల తెచ్చి యిచ్చువాడు లేడు. ఆవగింజంత మచ్చ కొరకు బోనెట్టంతయు గీకుమనువారితో నేను వాదమునకు దిగుట ఇందుచేతనే. పని వచ్చినపుడు వద్దనువాడు వెఱ్ఱివాడని నా తోడివారే నవ్వుదురు, నవ్వనిండు.

ఇక మెటాలిక్ రంగు సంగతి. ధర్మవరపు పట్టుచీరలలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేసినవి మీరెరుగుదురు. కొంగు ఇటు త్రిప్పిన నొక చాయ, అటు త్రిప్పిన మరియొక చాయ. మెటాలిక్ రంగు గుణమును అట్టిదే, కారణము మాత్రము వేరు. ఆ రంగులో అల్యూమినియపు రేకులు కలిపియుందురు. అవి కంటికి విడిగా కనబడనంత చిన్నవి; ఒక్కొక్కటి అప్పడమువలె వెడల్పు కలిగి, మిక్కిలి పలుచగా నుండును. స్ప్రే గన్నుతో సన్నని తుంపరగా పడినపుడు ఈ రేకులు బోనెట్టుపై అప్పడములు పరచినట్లు బల్లపరుపుగా పండుకొనును. ఎదుట నిలిచి చూచువానికి అన్నియు అద్దములై వెలుతురును తిప్పికొట్టును. ప్రక్కకు జరిగి చూచిన, అదే రంగు నల్లబడినట్లు తోచును.

ఇందులోనే చిక్కంతయు నున్నది. రంగును కొంచెము తడిగా కొట్టితిమా, రేకులు ఆరులోపల క్రుంగి అడ్డముగా నిలుచును, చాయ ముదురును. పొడిగా కొట్టితిమా, పైపైననే పరచుకొని లేతబడును. థిన్నరు పాలు, గాలి యొత్తిడి, గన్ను దూరము, ఆనాటి యెండ, ఇన్నియు చాయను మార్చును. ఒకే డబ్బాలోని రంగును ఇద్దరు పనివాండ్రు ఒకేనాడు వేసిన రెండు తలుపులు రెండు చాయలుగా నుండుట నేను చూచితిని. కుంచెతో అద్దిన చుక్కలో నైతే రేకులు కళ్లములో చెదరిన పొట్టువలె ఎటుపడిన నటు పడియుండును. కంపెనీవారి సీసాయే కొని, సంఖ్య సరిచూచి అద్దినను, ఆ చుక్క ఒక ప్రక్కనుండి కలిసిపోయినట్లును, మరియొక ప్రక్కనుండి నల్లపూసవలెను కనబడుట కిదియే హేతువు. సీసాలో మోసము లేదు. సాదా తెలుపునకు, సాదా ఎరుపునకు ఈ తంటా మిక్కిలి తక్కువ.

పూర్వపు పనివాండ్ర కిట్టి చిక్కు లేకుండెను. 1923లో అమెరికాలో డ్యూపాంటు కంపెనీవారు డ్యూకో అను త్వరగా ఆరు రంగును మోటారు బండ్లకు తెచ్చిరి. అంతకు ముందు పూతపై పూత పూసి ఆరబెట్టుటకు వారములు పట్టెడిది. ఆ పేరు మన షాపులలో ఎంతగా నాటుకొన్నదన, ఏ కంపెనీ రంగు గన్నుతో కొట్టినను "డ్యూకో వేసితిమి" అనువారు నేటికిని గలరు. ఆనాటి సాదా రంగు పైనుండి అడుగుదాక రంగే. మచ్చ పడిన చోట పూసి, రుద్ది, మెరుగుపెట్టిన సరిపోయెడిది. నేటి రంగును అట్లు రుద్దినచో క్లియర్ కోటు అరిగి, క్రింది మెటాలిక్ పూత బయటపడి, బూడిదవలె వెలవెలబోవును. ఆ హస్తవాసి నమ్ముకొని నేటి కారుపై చేయి చేసికొనువారిని దూరముగా నుంచుడు.

మరి మచ్చ పడినపుడేమి చేయవలెను? మొదట కడిగి, ఆరనిచ్చి, వెలుతురులో పరీక్షింపుడు. పై పూత మాత్రమే గీరుకొని, గోరు తగులనిచో పాలిషుతో పోవును. బూడిద రంగు కనబడినచో ప్రైమరు నిలిచియున్నదని యర్థము. ఉక్కు క్షేమము, తొందర లేదు. మెరయు ఉక్కుగాని, గోధుమరంగు తుప్పుగాని కనబడినచో మాత్రము ఆలస్యము కూడదు. మన సీమ వానలు తక్కువ గల సీమ. సముద్రతీరమున ఉప్పుగాలికి తుప్పు ప్రాకునంత వడిగా ఇచ్చట ప్రాకదు. కాని బిడ్డ చెన్నపట్టణములో ఉద్యోగము చేయుచు కారు అచ్చటనే యుంచినచో లెక్క వేరు. బంపరు ప్లాస్టిక్కుది; దానికి తుప్పు భయమే లేదు.

తుప్పున్నచో సూదిమొనతోనో, సన్నని వాటరుపేపరు చుట్టిన పుల్లతోనో దాని నంతయు తీసివేయవలెను. తుప్పుపై రంగు వేయుట పుండుపై పట్టు కప్పినట్లే. లోపల ప్రాకుట మానదు. పిమ్మట స్పిరిటుతో జిడ్డు తుడిచి, ఉక్కు కనబడు చోట చుక్క ప్రైమరు పెట్టవలెను. అది ఆరిన పిదప రంగు. సీసాను రెండు నిమిషములు బాగుగా కుదుపవలెను; అల్యూమినియపు రేకులు అడుగున దిగియుండును. సీసాతో వచ్చు కుంచె మన పనికి మోటు. అగ్గిపుల్ల మొననుగాని, సన్నని చిత్రకారుని కుంచెనుగాని ముంచి, గుంతలో మాత్రమే అద్దవలెను, గట్టుమీదికి రానీయరాదు. ఒకేసారి నింపక, పలుచగా పెట్టి, అరగంట ఆరనిచ్చి, మరల పెట్టవలెను. కడపట క్లియరు చుక్క, చుట్టుప్రక్కల మట్టమునకు వచ్చువరకు. నడి యెండలో కాలుచున్న బోనెట్టుపై ఈ పని చేయరాదు. ప్రొద్దుననే నీడలో చేయుడు. బారెడు దూరమునుండి అది కనబడకున్నచో పని నెగ్గినట్లే. ముక్కు ఆనించి చూచిన కనబడును. కనబడనిండు, ఉక్కు మూతపడినది గదా!

పూర్తి రంగు వేయవలసిన సందర్భములును లేకపోలేదు. రేకు సొట్టపోయినచో, క్లియర్ కోటు ఎండకు పొరలు లేచినచో, బోనెట్టంతయు కంకర దెబ్బలతో జల్లెడయైనచో, తుప్పు పొక్కినచో టచ్చప్పు చాలదు. అపుడొక్క మాట గుర్తుంచుకొనుడు. మెటాలిక్ రంగులో మచ్చ యున్న చోట మాత్రమే కొట్టి అంచు దాచుట సాగదు. రంగును మచ్చ వద్ద నిండుగాను, దూరము పోయినకొలది పలుచగాను కొట్టి, క్లియరు మాత్రము ఆ పలక మొదలుకొని చివరిదాక వేయవలెను. మచ్చ తలుపు అంచున నున్నచో ప్రక్క తలుపు మీదికిని ఆ చాయ సాగదీయవలసివచ్చును. "ఒక తలుపు చెడిన రెండు తలుపుల కూలి యడిగినాడు" అని పనివానిని దొంగ యనుకొనరాదు, నేర్చినవాడే అట్లడుగును. చాయ సరిచూచుకొనుటకు ముందుగా ఒక చిన్న రేకుపై కొట్టి, ఆరనిచ్చి, కారు ప్రక్కన నిలువుగా పెట్టి ఎండలో చూపుమని యడుగుడు. తలుపు స్తంభముపై నున్న చిన్న ఫలకమున రంగు సంఖ్య యుండుట కలదు. కొన్ని బండ్లకు బోనెట్టు క్రింద నుండును.

చిన్న మచ్చలకు బీమా నడుగుట లాభమా యని తఱచుగా అడుగుదురు. సాధారణముగా కాదు. క్లెయిము లేని మొదటి సంవత్సరమునకు, బండి నష్టమునకై కట్టు ప్రీమియములో 20 శాతము, వరుసగా ఐదేండ్లు గడచిన 50 శాతము తగ్గింపు లభించును. ఒక్క క్లెయిముతో అది పోవును. లెక్క చూచి నిర్ణయింపుడు.

ఇక నా మనస్సున అన్నిటికంటె బరువుగా నున్న విషయము. నేటి క్లియర్ కోటును గట్టిపడుటకు హార్డనరు కలిపి కొట్టుదురు. అందులో ఐసోసయనేటు లను రసాయనములుండును. గన్నునుండి వచ్చు ఆ తుంపర రొమ్ములోనికి పోయినచో ఉబ్బసము పుట్టును. ఒకమారు ఆ గుణము ఒంటికి పట్టినవానికి పిమ్మట రవంత తగిలినను ఊపిరి ఆడదు. ఆ వృత్తియే విడువవలసివచ్చును. వృత్తివలన కలుగు ఉబ్బసమునకు గురియగువారిలో బండ్లకు రంగు కొట్టువారు ముందు వరుసలో నున్నారని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ముఖమునకు తుండుగుడ్డ కట్టుకొనుట దుమ్మునకైన కొంత ఆపునేమో గాని దీనిని ఆపదు. బయటినుండి మంచి గాలిని గొట్టముతో అందించు మాస్కు కావలెను. తుంపరను బయటికి లాగివేయు పంకాలు గల గది కావలెను. త్రోవ ప్రక్క రేకుల షెడ్డులో, పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు గన్ను పట్టుకొని క్లియరు కొట్టుచుండగా, యజమాని గడప వద్ద నిలిచి మెరుపు చూచి మురియుట నేను పలుమారులు చూచితిని. ఆ షెడ్డు కూలి చౌకయగుట కెవని రొమ్ము కారణమో చెప్పనక్కరలేదు. మీరు కారు అప్పగించునపుడు "మాస్కు ఏది, చూపుము" అని యొక్క మాట యడుగుడు. కూలి యిచ్చువాడు అడిగిన షాపువాడు వినును. నావంటి తోడి పనివాడు చెప్పిన వినడు.

పాత కారు కొనువారికి మరియొక మాట. పలుచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతమును ఉక్కు పలకలపై అచ్చటచ్చట ఆనించి చూడుడు. ఒక చోట పట్టు సడలినచో క్రింద పుట్టీ మందముగా నున్నదని గ్రహింపవచ్చును. పూత మందము కొలుచు చిన్న పరికరము గల మెకానిక్కులున్నారు. చుట్టుప్రక్కల పలకలు నూరు నూటయిరువది మైక్రానులు చూపుచుండ, ఒక్క తలుపు మూడునూర్లు చూపినచో దానికి మరల రంగు పడినది. పడినంత మాత్రమున కారు చెడ్డదనరాదు. ఏల పడినదో అమ్మువానిని అడిగి, ధర మాటాడుకొనుడు.

రంగు వేయించినవారు నెల దినములు మైనపు పాలిషు పెట్టకుడు, టార్పాలిను కప్పకుడు. లోపలి థిన్నరు ఆవిరియగుటకు ఎడము కావలెను. మన బోరు నీళ్లలో సున్నము మెండు, కడిగిన వెంటనే మెత్తని గుడ్డతో తుడువుడు. మిగిలిన రంగును చిన్న సీసాలో పోయించుకొని, ఏ రంగు ఎంత పాలు కలిపిరో ఆ చీటిని సీసాకే అంటించి, నీడలో దాచుకొనుడు. టిప్పరు వెనుక నూరు గజములు విడిచి నడుపుమని డ్రైవరుతో చెప్పుడు. సెలవు.