కాలువగట్టు – టెలివిజను
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను గవర్నర్‌పేట వాసిని. మా పేటకు చేరువనే ఏలూరు, బందరు కాలువలు పారుచున్నవి. బాల్యమున సాయంకాలము కాలువగట్టున నడచి, గ్రంథాలయమున పత్రిక చదివి ఇల్లు చేరుట మాకు వాడుక. టెలివిజను వచ్చిన పిదప ఆ సాయంకాలములు తెర యెదుటనే గడచినవి. దూరదేశముల అడవులను చూచి మురిసితిమి గాని, మన కాలువలో చేరు చెత్తను చూచుట మానితిమి.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి, మా నగరముననే సింగ్‌నగర్ నీట మునిగినది. ఆ దృశ్యమును సైతము నేను టెలివిజనులోనే చూచితిని. "తాతయ్యా, ఈ యేరు ఎక్కడిది?" అని మనుమరాలు అడిగినది. చెప్పలేకపోతిని. అది మైలవరము కొండలనుండి వచ్చి కొల్లేరు చేరుననియు, దాని దారిలో ఇండ్లు లేచి నీరు పోవు చోటు ఇరుకైనదనియు పిదప చదివి తెలిసికొంటిని.

టెలివిజను తప్పు లేదు; వరద వార్త తెచ్చినది అదియే. ఐనను మన వాగు పోకడ మనకు తెలియవలదా? ఈ శుభసమయమున నాది ఒక్కటే మనవి: మీ గ్రంథాలయమున ఒక పుస్తకము తెరచి, ఈ యూరి కాలువల, బోదెల, మురుగుకాలువల నీరు ఎటు పోవునో పెద్దలచే చెప్పించి వ్రాసియుంచుడు. పిల్లలు అడుగునాటికి జవాబు అందు సిద్ధముగా నుండవలెను.