బిడ్డ గుండెకు దారి

(బొర్రాలో దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గుహల గుండా పారే గోస్తనిని చూశాం కదా. రెండు పాయలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటే నీరు సుడి తిరిగి జోరు తగ్గుతుంది. కాస్త పక్కపక్కగా కలిస్తే సాఫీగా సాగుతుంది. పిల్లల గుండె ఆపరేషన్‌లోనూ ఇదే లెక్క.

గుండెలో రెండు పంపులు ఉంటాయి. కుడిది రక్తాన్ని ఊపిరితిత్తులకు, ఎడమది ఒళ్లంతటికీ పంపుతుంది. రక్తం ఊపిరితిత్తుల గుండా సాగే దారిని 13వ శతాబ్దంలోనే వివరించినవారు డమాస్కస్‌లో పుట్టి, కైరోలో వైద్యం చేసిన ఇబ్నుల్ నఫీస్. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే ఒక్క పంపే సరిగా ఉంటుంది. ఫ్రాన్స్ సర్జన్ ఫ్రాన్సిస్ ఫాంటాన్ 1968లో మొదలుపెట్టిన ఆపరేషన్ వారికి ఆధారమైంది. ఇప్పుడు చేసే పద్ధతిలో ఒంటి నుంచి తిరిగొచ్చే రెండు పెద్ద సిరలను నేరుగా ఊపిరితిత్తుల నాళానికి కలుపుతారు. అక్కడ నెట్టే పంపు లేదు కాబట్టి రక్తం జోరు ఏమాత్రం వృథా కాకూడదు.

1996లో లండన్ సర్జన్ మార్క్ డి లెవాల్, మిలాన్ ఇంజినీర్లు కలిసి దీన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టారు. రెండు సిరలను ఎదురెదురుగా కాక కొంచెం పక్కకు జరిపి కలిపితే నష్టం తగ్గుతుందని చూపారు. నేడు కొన్ని పెద్ద కేంద్రాల్లో బిడ్డ స్కాన్ నుంచే నాళాల నమూనా తయారుచేసి, కత్తి పట్టకముందే రెండు మూడు పద్ధతులు సరిచూస్తారు. కంప్యూటర్ సాయం చేస్తుంది, నిర్ణయం మాత్రం సర్జన్‌దే.

అయితే బిడ్డ ఆ స్కాన్ దాకా చేరాలి కదా! పెదవులు, గోళ్లు నీలంగా మారడం, పాలు తాగుతూ ఆయాసపడి చెమటలు పట్టడం, బరువు పెరగకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఆపరేషన్ ఖర్చుకు 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం ఉంది. తిరుపతిలో 2021 నుంచి టీటీడీ వారి పద్మావతి చిన్నపిల్లల గుండె ఆసుపత్రి ఉంది. కానీ ఈ కొండల నుంచి అక్కడికి వెళ్లాలంటే విశాఖ దాకా ఒక ప్రయాణం, ఆపైన రాత్రంతా రైలు. దారి ఖర్చులు, తోడు వెళ్లేవారి తిండి, బస, పోయిన కూలి, మళ్లీ మళ్లీ చెకప్‌లు. వీటి దగ్గరే పేద కుటుంబం ఆగిపోతుంది.

మన సదకా చేరవలసింది అక్కడికే. ఆ బిడ్డ ఏ గూడెం, ఏ మతం అని అడగకుండా ఇద్దాం. పొరుగువారు ఎవరైనా పొరుగువారే. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, ఆ బిడ్డలకు షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.